బియ్యం డబ్బాలో పుస్తకం

ఏం చెల్లీ, పనులయినాయా? పొద్దున్నే కల్లంలో మిరపకాయలు తిరగేసి వచ్చుంటావు, ఆ ఘాటు ఇంకా ముక్కుల్లోనే ఉండుంటది. కాసిని మజ్జిగ తాగి ఇట్టా వచ్చి కూర్చో. ఇయ్యాళ మంత్రాల పుస్తకాల ముచ్చట చెప్తా. ఉలిక్కిపడమాక. నేనేమీ కొత్తగా రుద్రాక్షలు వేసుకోలేదు. పుస్తకం కనపడితే చదవటం, బాగుంటే బాగుందనీ లేకపోతే లేదనీ నలుగురికీ చెప్పటం నాకున్న పాత జబ్బు. ఆ జబ్బు ఈసారి ఇటు తిరిగింది, అంతే.

మొన్న శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకి మా పిన్ని కూతురు గురజాల నుంచి వచ్చింది. ప్రభలు చూసింది, త్రికోటేశ్వరుడికి దణ్ణం పెట్టుకుంది, పిల్లలకి చెరుకుగడలు కొనుక్కుని వెళ్ళిపోయింది. నాలుగోరోజు రాత్రి పదింటికి ఫోను. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"అక్కా, ఆయన కల్లం కాపలాకి పోయారు, అందుకని ఇప్పుడు చేశా. తిరునాళ్ళలో నువ్వు గాజుల కొట్టు దగ్గర బేరమాడుతున్నప్పుడు నేనొక పుస్తకం కొన్నా. మంత్రాలది. బియ్యం డబ్బాలో అడుగున పెట్టా. చదవాలనుంది, భయంగానూ ఉంది. చదివితే ఏమన్నా అయిద్దా?"

ముందు నవ్వొచ్చింది. మనకి బియ్యం డబ్బానే గదా లాకరు! చీటీ డబ్బులు అందులోనే, పుట్టింటివాళ్ళు చేతిలో పెట్టిన అయిదొందల నోటూ అందులోనే. ఇప్పుడు మంత్రాలు కూడా చేరినాయి. నవ్విన తర్వాత జాలేసింది. అట్టాంటి పుస్తకం ఎవరూ ఊసుపోక కొనరు. "ఏందే, ఏమయింది?" అంటే కాసేపు పలకలేదు. "ఆయన నాలుగు నెలల నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదక్కా" అంది.

"ఆదివారం బస్సెక్కు. పుస్తకం కూడా పట్టుకురా" అన్నా.

ఇంకో సంగతి విను. అదే వారం మా తమ్ముడి కూతురు హైదరాబాదు నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. దాని సంచిలోనూ ఒక నల్ల అట్ట ఇంగ్లీషు పుస్తకం, బొమ్మల ముక్కల పెట్టె ఒకటి బయటపడినాయి. మా అమ్మ ఆ ముక్కలు చూసి "ఆడపిల్లవి, పేకాట నేర్చుకున్నావటే?" అని నెత్తి కొట్టుకుంది. "పేకాట కాదు నాయనమ్మా, టారో" అని అది నవ్వింది. ఆ పుస్తకం అలిస్టర్ క్రౌలీ అనే ఇంగ్లీషాయనది. అదీ మంత్రవిద్యే, కాకపోతే కోటు తొడుక్కున్న మంత్రవిద్య.

ఆదివారం చెల్లెలు పిడుగురాళ్ళ మీదుగా దిగింది. మధ్యాన్నం భోజనాలయినాక మేడ మీద వేపచెట్టు నీడన చాప పరిచి, రెండు పుస్తకాలూ మధ్యలో పెట్టి, ముగ్గురం చుట్టూ కూర్చున్నాం. ఒకటి తిరునాళ్ళలో పట్టా మీద పరిచి అమ్మింది, ఇంకోటి కంప్యూటర్లో ఆర్డరు పెడితే గుమ్మంలోకి వచ్చింది. "చదువుదాం. బయటికే చదువుదాం" అన్నా. చెల్లెలు చుట్టుపక్కల మేడల వంక చూసింది. "వింటే విననియ్యే. మనమేమన్నా దొంగసొత్తు పంచుకుంటున్నామా?"

ముందు చెల్లెలి పుస్తకం. అట్ట మీద పుర్రె, చుట్టూ ముగ్గు, సిద్ధ నాగార్జునుడి పేరు. ఇట్టాంటి చిల్లర పుస్తకాలు చాలావాటికి మూలం కక్షపుటం అనే సంస్కృత తంత్రం. సిద్ధ నాగార్జునుడు రాశాడని చెబుతారు. సంస్కృతంలో కక్ష అంటే చంక, పుటం అంటే మడత. చంక మడతలో దాచుకునే పుస్తకమన్నట్టు ఆ పేరే వినపడుతుంది. మన తెలుగులో కక్ష అంటే పగ గదా. రెండర్థాలూ దానికి కుదిరినాయి చూడు!

లోపలేముందంటావా? విషయసూచిక చూస్తే చాలు, రాసినవాడి లోకమంతా తెలిసిపోతుంది. వశ్యం, ఆకర్షణం, స్తంభనం, మోహనం, ఉచ్చాటనం, మారణం, విద్వేషణం. ఆ తర్వాత ఎదుటివాడికి రోగం తెప్పించటం, గొడ్డూ గోదా పంటా నాశనం చెయ్యటం. ఆ తర్వాత అంజనం, కనపడకుండా తిరగటం, గాల్లో ఎగరటం, చచ్చినవాణ్ణి లేపటం. అంటే పక్కవాడి పెళ్ళాం కావాలి, పక్కవాడి పంట పోవాలి, భూమిలో దాచిన బంగారం నాకే దొరకాలి. మనిషి మనసులో ఉండే చెత్తంతా వరస పెట్టి రాసినట్టుంది. మన ఊళ్ళ మీద సామాజిక శాస్త్రం రాసేవాళ్ళకి ఇంతకన్నా నిజాయితీ గల పుస్తకం దొరకదేమో. అసూయని ఎవరూ ఇంత సూటిగా ఒప్పుకోరు.

మా మేనకోడలు అడిగింది, "అత్తా, నాగార్జునుడంటే మన నాగార్జునకొండ నాగార్జునుడేనా?" అని. మంచి ప్రశ్న. పుస్తకం సమీక్ష చేసేవాళ్ళు మొట్టమొదట అడగాల్సిందే అది, రాసిందెవరు అని. శూన్యవాదం చెప్పిన ఆచార్య నాగార్జునుడు రెండో శతాబ్దం ప్రాంతం వాడు, బౌద్ధ దార్శనికుల్లో పెద్దపేరు. పాదరసం, రసవాదం, తంత్రం మీద రాసిన సిద్ధ నాగార్జునుడు అంతకు కొన్ని వందల ఏళ్ళ తర్వాతి వాడని పండితులు విడదీసి చెబుతారు. ఊళ్ళో ఒకే పేరుతో ఇద్దరుంటే ఒకరి ఉత్తరం ఇంకొకరికి చేరినట్టు, ఆయన గౌరవం ఈయన ఖాతాలో పడింది. అచ్చేసేవాళ్ళకి అదే కావాలి గదా. దార్శనికుడి పేరు అట్ట మీద, గుడ్లగూబ ఈకలు లోపల.

మన పల్నాడు మీద ఈ మంత్రాల పేరు ఎందుకు పడిందో కూడా చెప్తా. ఇక్ష్వాకుల శాసనాల్లో నాగార్జునకొండని సిరిపవతం అన్నారు, అంటే శ్రీపర్వతం. తర్వాతి సంస్కృత సాహిత్యంలో శ్రీపర్వతమంటే సిద్ధులకీ మంత్రగాళ్ళకీ పుట్టిల్లు. భవభూతి రాసిన మాలతీమాధవం నాటకంలో కపాలకుండల అనే కాపాలికురాలు శ్రీపర్వతం నుంచే వస్తుంది. అది శ్రీశైలమా, మన కొండా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఏదైనా కృష్ణ ఒడ్డునే.

ఏడో శతాబ్దంలో బాణుడు రాసిన కాదంబరిలో ఒక ముసలాయన ఉంటాడు చెల్లీ, ఆయన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వాగదు. చండిక గుడిలో ఉండే ద్రవిడ ధార్మికుడు. తాటాకుల మీద రాసిన గారడీ, తంత్ర, మంత్ర పుస్తకాలు పోగేస్తాడు. శ్రీపర్వతం వింతలు వేలకొద్దీ చెబుతాడు. ఎవడో మోసగాడిచ్చిన సిద్ధాంజనం పెట్టుకుని ఒక కన్ను పోగొట్టుకున్నాడు. సరిగ్గా వండని రసాయనం తిని జ్వరం తెచ్చుకున్నాడు. వశీకరణ చూర్ణం తయారుచేసి, యాత్రకొచ్చిన ముసలి సన్యాసినుల మీద చల్లుతాడు! మంత్రాల పుస్తకాలకి మన దేశంలో అంతకన్నా ఘాటైన సమీక్ష ఎవరన్నా రాశారా? బాణుడు ఆ పుస్తకాలు తప్పని ఎక్కడా వాదించలేదు. వాటిని నమ్మినవాడి ఒళ్ళు మనకి చూపించాడు, అంతే.

ఇది చెబుతుంటే మేనకోడలు పడీ పడీ నవ్వింది. చెల్లెలు నవ్వలేదు. అంజనం అన్న మాట దగ్గరే ఆగిపోయింది. "నాన్న గుర్తొచ్చాడక్కా" అంది.

మా బాబాయి సంగతి నీకు చెప్పలేదు గదా. ముప్ఫయ్యేళ్ళ కిందటి మాట. ఒకాయన వచ్చాడు. గోరు మీద కాటుక పెట్టి, అందులో చూసి, మీ పొలం గట్టున పాత గుడి కింద ఏడు బిందెలున్నాయన్నాడు. పూజలన్నాడు, పొట్టేలన్నాడు, అమావాస్యలన్నాడు. ఒక్కటే షరతు: ఎవరికీ చెప్పకూడదు, చెబితే నిధి కదిలిపోతుంది. బాబాయి పెళ్ళానికి చెప్పలేదు, మా నాన్నకి చెప్పలేదు. ఆ ఏటి పత్తి డబ్బు పోయింది, తర్వాత రెండెకరాలు పోయినాయి. ఆ మనిషి ఒక రాత్రి పోయి మళ్ళీ కనపడలేదు. ఒక్కసారి ఇంట్లో నోరు విప్పి ఉంటే మా నాన్న చెప్పేవాడు: నిజంగానే దొరికినా, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి చెప్పాల్సిందే, అది నీదవటానికి బోలెడు తతంగం ఉందిరా అని. చెప్పొద్దన్న ఆ ఒక్క మాటతోనే రెండెకరాలు పోయినాయి. బిందెల ఆశ ఎవరికుండదు? ఆశని నలుగురిలో పెడితే ఎవరో ఒకరు నవ్వేవాళ్ళుంటారు. ఆ నవ్వు బాబాయికి దక్కకుండా పోయింది.

మాచర్ల వైపు పోయినప్పుడు విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి ఒకసారి నాగార్జునకొండ మీది మ్యూజియానికి పో చెల్లీ. మన నేలలో దొరికిన నిధి అక్కడుంది. 1926లో ఆ చోటు బయటపడింది. డ్యామ్ నీళ్ళు ముంచేలోపల 1954 నుంచి 1960 దాకా పెద్ద ఎత్తున తవ్వారు. దొరికింది రాళ్ళు, ఆ రాళ్ళ మీద ఆడవాళ్ళ పేర్లు! ఇక్ష్వాకు రాజుగారి మేనత్త చాంతిసిరి మహాచైత్యానికి స్తంభం ఎత్తించింది. బోధిసిరి అనే ఉపాసిక సింహళం నుంచి వచ్చే భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. దానం చేశాం, ఇదిగో మా పేరు, అందరూ చదవండి అని బాహాటంగా చెక్కించారు. పదిహేడు వందల ఏళ్ళయినా ఆ పేర్లు చెదరలేదు. ఆ రాళ్ళ పక్కన మన తిరునాళ్ళ పుస్తకం పెట్టి చూడు. ఇందులో ఆడదానికి పేరే లేదు. వశం చేసుకోవాల్సిన సరుకుగా ఉంటుంది, లేదంటే మొగుడు చెయ్యి జారకుండా తాయెత్తు వెతుక్కునే మనిషిగా ఉంటుంది.

మన భాషలోనే ఉందిలే ఆ తిరకాసు. మంత్రం ఎరిగిన మగాడు మంత్రి, మంత్రం ఎరిగిన ఆడది మంత్రగత్తె. నలగామరాజు దగ్గర నాయకురాలు నాగమ్మ మంత్రిత్వం చేసింది ఈ గురజాల నుంచే. మా చిన్నప్పుడు ఆవిడ గెలిచిన కోడిపందెం కథ చెప్పే ముసలమ్మలు మాత్రం ఏదో మంత్రం వేసిందనేవాళ్ళు. తెలివితో గెలిచిందని ఒప్పుకోవటానికి నోరు రాలేదు పాపం!

ఇక నల్ల అట్ట పుస్తకం. క్రౌలీ 1875లో పుట్టి 1947లో పోయాడు. కొండలెక్కేవాడు, కవిత్వం రాసేవాడు, మంత్రసాధకుడు. 1904లో పెళ్ళాం రోజ్‌తో కైరోలో ఉండగా ఏప్రిల్ 8, 9, 10 తేదీల్లో, రోజుకో గంట, ఒక అశరీరవాణి చెప్పిందంటూ మూడు అధ్యాయాల చిన్న పుస్తకం రాసుకున్నాడు. దాని మీద కట్టిన మతమే థెలీమా. ఆ గ్రీకు మాటకి అర్థం సంకల్పం. ఎవరి లోపలి అసలు సంకల్పం ఏదో వాళ్ళు తెలుసుకుని దాని ప్రకారం నడవాలన్నది సారం. నోటికొచ్చింది చెయ్యటం, మనసుకి తోచినట్టు తిరగటం అని కాదు. నిజంగా నీకేం కావాలో కనుక్కోమని. ఈ మాట వినగానే చెల్లెలు తలెత్తింది.

ఈ పుస్తకాల్లో నాకు నచ్చింది కూడా చెప్తా, తిట్టటమే సమీక్ష కాదు గదా. ఆయన శిష్యులకి ఒక చదవాల్సిన పుస్తకాల జాబితా ఇచ్చాడు. అందులో వివేకానందుడి రాజయోగం ఉంది, భగవద్గీత ఉంది, ఉపనిషత్తులు, శివసంహిత, హఠయోగ ప్రదీపిక, ధమ్మపదం ఉన్నాయి. వాటి పక్కనే పిల్లలు చదువుకునే ఆలిస్ అద్భుతలోకం కథ! 1901లో సింహళం వచ్చి స్నేహితుడు అలన్ బెన్నెట్ దగ్గర యోగం నేర్చుకున్నాడు, తర్వాత మదురై గుడి చూశాడు. అంటే మా మేనకోడలు వేలు పోసి ఇంగ్లీషులో కొనుక్కున్నదాంట్లో సగం, మా అమ్మ పూజగదిలో ఒక పక్కన దుమ్ము పట్టి ఉంది. "ఓసి నీ! మన పెరట్లో కరివేపాకు పొరుగూళ్ళో కొనుక్కొచ్చావా" అని మా అమ్మ మెట్ల మీద నుంచే అరిచింది. ఆవిడా వింటోందన్నమాట.

మెచ్చుకోదగ్గది ఇంకోటుంది. క్రౌలీ 1909లో ఈక్వినాక్స్ అని ఒక పత్రిక పెట్టాడు, అందులో పుస్తక సమీక్షలు కూడా వేసేవాడు. తను ఒకప్పుడు చేరిన రహస్య సంఘం తాలూకు పూజావిధానాలు అందులో అచ్చేస్తుంటే, ఆ సంఘం పెద్ద మాథర్స్ 1910లో లండన్ కోర్టుకెక్కి ఆపించాడు. అప్పీల్లో ఆ ఉత్తర్వు ఎగిరిపోయింది, విధానాలు అచ్చయినాయి. ఆయన ఉద్దేశాలు ఏమైనా, తాళం మాత్రం తీశాడు.

నచ్చనిదీ చెప్తా. ఈజిప్టు దేవుడు నీకోసం చూస్తున్నాడని మొదట చెప్పింది రోజ్. మ్యూజియంలో ఆ దేవుడి బొమ్మ ఉన్న చెక్క ఫలకాన్ని చూపించిందీ ఆవిడే. పేరు ఆయనది. 1906లో వాళ్ళ పసిబిడ్డ రంగూన్‌లో టైఫాయిడ్‌తో పోయింది. 1909లో విడాకులు. 1911 నాటికి రోజ్ తాగుడు ముదిరి పిచ్చాసుపత్రిలో చేరింది. ఆ బొమ్మల ముక్కలైనా అంతే. 1938 నుంచి 1943 దాకా అయిదేళ్ళు కూర్చుని అవన్నీ గీసింది ఫ్రీడా హారిస్ అనే చిత్రకారిణి. ముక్కలుగా అచ్చయింది 1969లో, అప్పటికి గీసిన ఆవిడా లేదు, గీయించిన ఆయనా లేడు. లోకం మాత్రం క్రౌలీ టారో అనే అంటుంది. సంకల్పం గురించి అన్ని పేజీలు రాసినాయన పక్కనున్న ఆడవాళ్ళ సంకల్పం ఏమిటో అడిగాడా? నేను సమీక్ష రాస్తే ఆ ప్రశ్న దగ్గర మొదలుపెడతా.

ఒకటి మాత్రం విడదీసి చెప్పాలి. గురువు దగ్గర కూర్చుని, నియమం పట్టి అమ్మవారిని ఉపాసించేవాళ్ళని నేనేమీ అనటం లేదు. తంత్రశాస్త్రంలో లోతైన చింతన ఉంది. కలకత్తా హైకోర్టు జడ్జి జాన్ ఉడ్రాఫ్ ఆర్థర్ అవలన్ అనే పేరు పెట్టుకుని, మన పండితుల సాయంతో ఆ గ్రంథాలు ప్రపంచానికి చూపించాడు. 1919లో వచ్చిన ఆయన కుండలినీ పుస్తకాన్ని ఇప్పటికీ చదువుతున్నారు. ఆ చదువు వేరు. వశీకరణానికి మూడు పేజీలు, శత్రువుకి రెండు పేజీలు చొప్పున కత్తిరించి కుట్టిన ఈ పుస్తకాలు వేరు.

సమీక్ష అంటే గుర్తొచ్చింది. 1980 ప్రాంతంలో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి తులసిదళం వస్తుంటే మన ఇళ్ళల్లో ఏం జరిగిందో నీకు తెలియదు, నువ్వు పుట్టలేదు. పత్రిక ఇంటికి రాగానే మా వదినలు లాక్కుని చదివేవాళ్ళు. కాష్మోరా అన్న మాట వింటే పిల్లలం పెరట్లోకి పోవాలంటే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునేవాళ్ళం. చంటిపిల్ల మీద ప్రయోగం అంటే ఏ తల్లి గుండె ఆగుతుంది? కథ చెప్పే నేర్పు అట్టాంటిది, దాన్ని కాదనకూడదు. ఆ వేడిలోనే రంగనాయకమ్మగారు తులసిదళం కాదు గంజాయి దమ్ము అని ఏకంగా ఒక విమర్శ పుస్తకమే వేశారు. పేరే సగం సమీక్ష! చేతబడి మీద జనానికున్న భయాన్ని సొమ్ము చేసుకోవటం రచయిత పని కాదని ఆవిడ వాదం. మా ఇంట్లో వదినలు రెండు పార్టీలైపోయారు. నేను రెండూ చదివా. నవల చదివితే రాత్రి నిద్ర పోయింది, విమర్శ చదివితే ఎందుకు పోయిందో తెలిసింది. అప్పట్నుంచీ నా లెక్క ఒక్కటే: భయపెట్టే పుస్తకం ఏది చదివినా, దాంతో దెబ్బలాడే పుస్తకం కూడా పక్కన పెట్టుకోవాలి.

మేడ మీద ఆ మధ్యాన్నం మేం చదివిన పద్ధతీ అదే. ఒకరు పేజీ పైకి చదవటం, ఇద్దరు ప్రశ్నలడగటం. ఈ ప్రయోగం ఫలించకపోతే ఏమంటాడు? నియమం తప్పింది నీదేనంటాడు. అంటే ఫలిస్తే గొప్ప పుస్తకానిది, లేకపోతే తప్పు చదివినవాళ్ళది. ఇందులో వాడమన్నదేమిటి? ఉమ్మెత్త గింజలు, పాదరసం, హరిదళం. మన ఊళ్ళల్లో ఉమ్మెత్త తిని ఆసుపత్రి పాలైనవాళ్ళ కథలు మనకి కొత్తా? మొగుడు మాట్లాడాలని పెట్టిన మందు మొగుణ్ణే మింగుతుంది. వంటల పుస్తకంలో ఉప్పు ఎక్కువైతే చెబుతాం గదా, విషం రాస్తే చెప్పొద్దూ? గుడ్లగూబని చంపమంటాడు, అది నేరం. పైగా పొలంలో ఎలకల్ని తినేది అదే, రైతుకి అంతకన్నా చుట్టమెవరు? తాయెత్తుతో, మంత్రంతో జబ్బులు నయం చేస్తామని ప్రకటనలిస్తే శిక్షించటానికి 1954 నుంచీ చట్టముంది. చట్టం పనిచేసినా చెయ్యకపోయినా, వెనక అట్ట మీద అట్టాంటి ప్రకటన ఉంటే అది పుస్తకం కాదు, దుకాణం గుమ్మం అనుకో.

సాయంత్రమైంది. మొదటి పేజీలో ఒక హెచ్చరిక ఉంది, మేం చివర్లో చూశాం: ఈ విద్య పరులకి చెబితే ఫలం నశిస్తుందని. మా అమ్మ అప్పటికి చాప మీదకి చేరింది. "మరి రామానుజులవారు?" అంది. తిరుక్కోష్టియూర్‌లో గురువు మంత్రం చెప్పి, బయటపెడితే నరకానికి పోతావంటే, గోపురమెక్కి ఊరందరికీ వినపడేట్టు అరిచి చెప్పాడట గదా ఆయన, అందరూ తరిస్తే నేనొక్కణ్ణి నరకానికి పోతే పోయిందేముందని. ఆ వైష్ణవమే గదా మన పల్నాట్లో బ్రహ్మనాయుడు పట్టుకున్నది, అన్ని కులాలనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టింది. మా అమ్మ అయిదో తరగతి దాకా చదివింది. మా అందరి సమీక్షలకన్నా ఆవిడదే బాగుంది. మంచి మంత్రమైతే పంచితే పెరుగుతుంది. పంచితే చచ్చేది మంత్రం కాదు, మోసం. చదివిన పుస్తకం గురించి నలుగురిలో మాట్లాడటమన్నా అంతే చెల్లీ, చదువుకి చాపకూడు పెట్టటం.

బస్సెక్కించేటప్పుడు చెల్లెలు అడిగింది, "దీన్ని తగలబెట్టనా అక్కా?" అని. వద్దన్నా. "పుస్తకాన్ని కాల్చటమంటే దానికి బలముందని ఒప్పుకోవటమే. తీసుకెళ్ళి టీవీ పక్కన పెట్టు, పంచాంగం మీద."

పది రోజుల తర్వాత ఫోను. ఈసారి గొంతు తగ్గించలేదు. మొగుడు భోజనానికొచ్చి ఆ పుర్రె బొమ్మ చూసి ఇదేందన్నాడట. చెల్లెలు ఉన్నదున్నట్టు చెప్పేసింది. నువ్వు మాట్లాడటం లేదు, అందుకని కొన్నా, చదివాం, పనికిరాదని తేల్చాం అని. అతను కాసేపు పేజీలు తిప్పాడట. పగవాడి పంట నాశనం చేసే ప్రయోగం దగ్గర ఆగి, "దీనికి మంత్రమెందుకే, నల్లతామర పురుగు చాలదా?" అని నవ్వాడట. నాలుగు నెలల తర్వాత మొదటి నవ్వు. నవ్వి, లేచి, బీరువా పైనున్న పాత గొడుగులోంచి ఒక కాగితం తీసి దాని ముందు పెట్టాడట. మిరప పురుగుకి మందుల కోసం చేసిన అప్పు, దానికి రాసిచ్చిన నోటు. ఎవరికీ చెప్పకుండా అతనూ ఒకటి దాచుకున్నాడన్నమాట.

అప్పు తీరలేదు చెల్లీ, అబద్ధమెందుకు. కల్లంలో కాయ అమ్మితే సగం తీరుతుందేమో చూడాలి. ఇద్దరూ కూర్చుని లెక్క రాసుకున్నారట, పుస్తకం వెనకనున్న తెల్లకాగితం మీదే.

"డబ్బాలో ఇప్పుడు బియ్యమే ఉన్నాయక్కా" అంది.